తడిబట్ట చరిత్ర: దండెం నుంచి డ్రయ్యర్ దాకా

రాజుల చరిత్ర రాసినవారున్నారు. రైళ్ల చరిత్ర రాసినవారున్నారు. పే కమిషన్ల చరిత్ర అయితే మనలో ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. కాని ప్రతి ఇంట్లో ప్రతిరోజూ జరిగే ఒక పనికి కూడా చరిత్ర ఉంటుందని ఎవరూ తలచరు. ఉతికిన బట్ట ఆరబెట్టుకోవడమే ఆ పని. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, కోటలూ శాసనాలూ ఇతర మిత్రులకు విడిచిపెట్టి, ఈ తడిబట్ట సంగతి ఎత్తుకున్నాను.

ఇందుకు కారణం లేకపోలేదు. మన సంఘ సభ్యుల్లో చాలామంది ఇళ్లలో ఇప్పుడు ఇద్దరే మనుషులు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉంటున్నారు. నెలవారీ సమావేశాల్లో కరువు భత్యం తరువాత మనం ఎక్కువగా మాట్లాడుకునేది మోకాళ్ల గురించీ, మణికట్ల గురించీ. తడిసిన దుప్పటి పిండాలంటే మణికట్టు సహకరించదు. బకెట్టు పట్టుకుని డాబా ఎక్కాలంటే మోకాలు ఒప్పుకోదు. వానాకాలంలో తడి మెట్ల మీద కాలు జారితే తుంటి ఎముక విరిగి మంచాన పడవలసి వస్తుంది. అంచేత ‘చిన్న డ్రయ్యర్ ఒకటి కొనుక్కుంటే ఎలా ఉంటుందండీ?’ అని అడిగేవారు ఎక్కువయ్యారు. జవాబు చెప్పాలంటే ముందు పాత ఫైలు తిరగెయ్యాలి. ఏ ఆఫీసులోనైనా పద్ధతి అదే గదా.

ఒక మాట, రెండు పనులు

మొదట ఒక చిక్కు విప్పుకోవాలి. మన ఇళ్లలో ‘డ్రయ్యర్’ అనే ఒకే మాటను రెండు వేర్వేరు యంత్రాలకు వాడుతున్నాం. ఒకటి బట్టను గిర్రున తిప్పి నీరు చిమ్మేసేది. రెండవది వేడిగాలి పట్టించి నీటిని ఆవిరి చేసేది. మొదటిది పిండే యంత్రం, రెండవది ఆర్చే యంత్రం. మన సభ్యులొకరు మొదటిది కొని, ఇంటికి తెచ్చి, మూత తీసి చూసి, ‘బట్టలు ఇంకా చెమ్మగానే ఉన్నాయేమిటి?’ అని దుకాణం వారితో తగాదాకు దిగారు. యంత్రంలో లోపమేమీ లేదు. అది చేయవలసిన పని చేసింది. అది ఏ పని చేస్తుందో అమ్మినాయన చెప్పలేదు, అంతే.

ఈ రెండు పనుల ఖరీదులో చాలా తేడా ఉంది. స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు 1760ల్లో నీటిని మరిగిస్తూ ఒక విచిత్రం గమనించాడు. నీరు మరిగే దాకా వేడెక్కడానికి పట్టే ఉష్ణం కంటే, మరిగిన నీరు పూర్తిగా ఆవిరై పోవడానికి పట్టే ఉష్ణం ఎన్నో రెట్లు ఎక్కువ. దీనికి ఆయన ‘గుప్తోష్ణం’ అని పేరు పెట్టాడు. మన వంటింట్లో చూడండి. కాఫీకి పెట్టిన నీళ్లు తొందరగానే మరుగుతాయి. అదే గిన్నె మరిచిపోతే, నీళ్లన్నీ ఇగిరి గిన్నె మాడడానికి చాలాసేపు పడుతుంది. మామూలు నీటిని మరుగు దాకా తేవడానికి ఎంత వేడి కావాలో, ఆవిరి చేయడానికి దాదాపు 8 రెట్లు కావాలి. కరెంటు లెక్కలో చెబితే, 1 లీటరు నీటిని ఆవిరి చేయడానికి కనీసం 0.67 యూనిట్ ఖర్చవుతుంది. ఎంత గొప్ప కంపెనీ వాడైనా హీటరుతో ఆర్చేటప్పుడు ఇంతకు తక్కువలో చేయలేడు.

అదే లీటరు నీటిని పిండి తీసేస్తే? అందుకు కావలసింది బలమే గాని వేడి కాదు. తడిబట్ట చరిత్ర అంతా ఈ రెండు పద్దుల చరిత్రే. పిండే బలం ఎవరిది, ఆర్చే వేడి ఎవరిది అన్నవే ఆ పద్దులు. వేడిని చాలాకాలం సూర్యభగవానుడు ఉచితంగా ఇచ్చాడు. బలం మాత్రం ఎవరో ఒకరి చేతుల్లోంచి వచ్చింది.

రేవులోనూ ఇంట్లోనూ

మన పల్లెల్లో ఆ చేతులు చాకలివారివి. ఊరివారి బట్టలు మూటగట్టి రేవుకు తీసుకుపోయి, చౌడు పెట్టి, ఉబ్బ వేసి, బండ మీద ఉతికి, పిండి, గట్టున ఆరవేసి, సాయంత్రానికి మడతలు పెట్టి తెచ్చేవారు. పిండడం ఒక్కరి పని కాదు. దుప్పటి అయితే ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టేవారు. ప్రతిఫలంగా పంట చేతికొచ్చినప్పుడు మేర కింద కొలిచే గింజలు, పూటకింత అన్నం. తెలంగాణాలో దొరల గడీల కింద ఈ పాటి ప్రతిఫలం కూడా లేకుండా వెట్టి చేయించుకున్నారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ 1940ల్లో తన పంటకోసం, భూమికోసం దేశముఖుకు ఎదురు నిలిచిందంటే, ఆ తెగువ వెనుక ఇటువంటి చాకిరీ చరిత్ర చాలా ఉంది.

మన తీరానికి వచ్చిన తెల్లవారికి కూడా ఈ చేతుల విలువ తెలుసు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్నంలో 1611లో దిగారు. వారికి కావలసినది మన బట్ట. మగ్గం మీంచి దిగిన బట్టను యథాతథంగా ఓడకెక్కించరు. గంజి పోయేలా ఉతికి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ తడిపి, మళ్లీ ఎండబెట్టి తెల్లగా చేయాలి. ఆ పని చాకలివారిది. అందువల్ల నీళ్లూ, ఎండా, చాకలివారూ ఒకచోట దొరికే ఊళ్లు బట్టల వ్యాపారానికి అనువైనవి. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం అటువంటిదే. అక్కడి మెత్తని నూలుబట్టకు ‘మాడపోలం’ అని పేరు వచ్చి, ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. మచిలీపట్నం కలంకారీ పనివారికీ, శ్రీకాళహస్తి పనివారికీ ఎండే సగం పనిముట్టు. కరక్కాయ రసంలోనూ పాలలోనూ తడిపిన బట్ట ఎండలో ఆరాకే దాని మీద పని మొదలవుతుంది.

ఇక ఇళ్లలోపలి సంగతి. మా చిన్నతనంలో, అంటే 1950ల్లో, వసారా పైకప్పుకు రెండు తాళ్లతో వేలాడదీసిన వెదురు దండెం ఉండేది. అది ఎంత ఎత్తున ఉండేదంటే, బట్ట ఆరవేయడానికీ తీయడానికీ ఒక పొడుగాటి కర్ర కావలసివచ్చేది. మడిబట్టను ఎవరూ తాకకూడదు గనుక అంత ఎత్తు. కాని ఆ ఎత్తులో ఇంకొక లాభం ఉంది. వెచ్చని గాలి పైకి పోతుంది. పెంకుటింటి కప్పు కింద గాలి ఆడుతుంది. అంచేత కింద తీగమీద ఆరని బట్ట పైన ఆరేది. చిత్రమేమిటంటే, మడీ గిడీ తెలియని ఇంగ్లండులో కూడా వంటింటి పొయ్యి పైన కప్పుకు కప్పీలతో ఇటువంటి దండేలే వేలాడదీశారు. లాంకషైరు ఇళ్లలో అవి నేటికీ కనిపిస్తాయి. అక్కడి గృహిణి, ఇక్కడి గృహిణి ఒకరినొకరు చూడకుండానే ఒకే పరిష్కారానికి వచ్చారు.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో వానాకాలం వస్తే కుంపటిలో నిప్పులు వేసి, దానిమీద గంప బోర్లించి, గంప మీద బిడ్డ గుడ్డలు పరిచేవారు. కాస్త సాంబ్రాణి కూడా వేసేవారు. వేడిగాలితో ఆర్చే డ్రయ్యర్ మన ఇళ్లలో అప్పుడే ఉందన్నమాట, ప్లగ్గు లేదంతే. ముసురు పట్టి మడిబట్ట ఆరకపోతే మాత్రం మా నాయనమ్మ తడిమడితోనే వంట చేసేది. చెమ్మబట్ట ఒంటిమీదే ఆరేది. ఆరబెట్టే వేడి ఆమె ఒంటిది. ఆ ఖర్చు ఏ పద్దులోనూ రాయలేదు.

పాశ్చాత్యులు పెట్టెలో పెట్టిన ఎండ

మనకున్నంత ఎండ వాళ్లకు లేదు. చలికాలంలో బట్ట తీగ మీద గడ్డకట్టుకుపోయే దేశాలు. అందువల్ల యంత్రం ఆలోచన అక్కడ పుట్టడం సహజం. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషాన్ అనే ఆయన చిల్లులు పెట్టిన లోహపు పీపాలో తడిబట్టలు వేసి, నిప్పుమీద చేత్తో తిప్పే సాధనం చేశాడంటారు. బట్టకు పొగ వాసన పట్టడం, మసి అంటడం, ఒక్కోసారి కాలిపోవడం దానితో వచ్చిన కష్టాలు. అయినా పీపా, చిల్లులు, తిప్పడం, వేడి అనే నాలుగు అంగాలూ అందులో ఉన్నాయి. తరువాత వచ్చినవన్నీ దానికి సవరణలే.

ఇంకో పక్క తీగమీద ఆరవేసే పద్ధతి కూడా మెరుగవుతూ వచ్చింది. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రానికి చెందిన డేవిడ్ స్మిత్ 1853లో స్ప్రింగు ఉన్న కొయ్య క్లిప్పుకు పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మనం డజన్ల లెక్కన కొనే ప్లాస్టిక్ క్లిప్పులకు మూలపురుషుడు అదే. 1892 జూన్ 7న ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నివాసి జార్జి శాంప్సన్ పొయ్యి దగ్గర అమర్చే బట్టలారేసే చట్రానికి పేటెంటు పొందాడు. ఆయన నల్లజాతివాడు. బానిసత్వం రద్దయి ముప్ఫై ఏళ్లు కూడా కాని ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలో అడిలెయిడ్ నగరవాసి లాన్స్ హిల్ 1945లో గొడుగులా తిరిగే దండెం తయారుచేయడం మొదలుపెట్టాడు. ఒక స్తంభం, దాని మీద చుట్టూ తీగలు. గాలికి తిరుగుతూ కొద్ది చోటులోనే ఇంటిల్లిపాది బట్టలూ ఆరిపోతాయి.

కరెంటు డ్రయ్యర్ కథ అమెరికాలోని నార్త్ డకోటాలో మొదలైంది. రాస్ మూర్ అనే ఆయన, చలికాలంలో తన తల్లి బయటికి పోయి గడ్డకట్టే బట్టలతో అవస్థపడడం చూడలేక, పాకలో పొయ్యి పెట్టి పీపా తిప్పే ఏర్పాటు చేశాడు. ఏళ్ల తరబడి మెరుగుపరిచి, కొనేవారికోసం తిరిగి తిరిగి, చివరికి హామిల్టన్ అనే కంపెనీవారిని ఒప్పించాడు. 1938లో అది ‘జూన్ డే’ అన్న పేరుతో బజారులోకి వచ్చింది. వాళ్లకు జూన్ అంటే హాయిగా ఎండ కాసే నెల. మనకైతే ఆ పేరు పెట్టి ఎవరూ అమ్మలేరు. జూన్ వచ్చిందంటే మనకు ముసురు మొదలు!

ఆ డ్రయ్యర్ మొదట తలుపు మూసిన రేకుపెట్టెలా ఉండేది. బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు తలుపుకు గాజు బిగించమని సలహా ఇచ్చాడు. దుకాణంలో లోపల రంగురంగుల బట్టలు వేసి తిప్పితే జనం ఆగి చూస్తారన్నాడు, అలాగే ఆగి చూశారు. నేటికీ ఆ గాజు తలుపు పోలేదు. మనం షోరూములో కొనేది ఒక్కోసారి యంత్రాన్ని కాదు, ఆ గాజులో కనిపించే దృశ్యాన్ని.

చక్కెర ఫ్యాక్టరీ గుండా వచ్చిన పిండుడు యంత్రం

పిండే పని సంగతి వేరుగా నడిచింది. మొదట వచ్చినవి రెండు రోలర్లు. మన చెరుకుగానుగ మాదిరిగా, రెండు రోలర్ల మధ్య బట్టను దూర్చి మర తిప్పితే నీరు కారిపోయేది. గుండీలు పగిలేవి. కరెంటు రోలర్లు వచ్చాక వేళ్లు, చేతులు నలిగిన ప్రమాదాలు ఎన్నో జరిగాయి.

అంతకంటే తెలివైన పద్ధతి 1830ల్లో యూరప్ బట్టల మిల్లుల్లో వచ్చింది. చిల్లుల బుట్టలో తడిబట్ట వేసి వేగంగా తిప్పితే నీరు చిల్లుల్లోంచి బయటికి చిమ్ముతుంది. తడిగొడుగు గిర్రున తిప్పితే చినుకులు ఎగిరినట్టే. ఈ బుట్టను చూసి చక్కెర తయారీవారు ముచ్చటపడ్డారు. పాకంలోని చక్కెర పలుకుల నుంచి మడ్డిని వేరుచేయడానికి అంతకుముందు వారాలు పట్టేది. బుట్టలో వేసి తిప్పితే నిమిషాల పని. హవాయి దీవుల్లో డేవిడ్ వెస్టన్ 1850ల తొలినాళ్లలో దానికి మంచి రూపం ఇచ్చాడు. 1937లో బోధన్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలోనూ, మన కోస్తా జిల్లాల చక్కెర ఫ్యాక్టరీల్లోనూ చక్కెరను వేరుచేసింది ఈ తిరిగే బుట్టలే. 1878లో స్వీడన్‌లో గుస్తాఫ్ దలావల్ పాల మీగడ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అదీ ఈ సూత్రమే.

నా సర్వీసులో ఒకసారి ఆసుపత్రి లాండ్రీకి ‘హైడ్రో ఎక్స్‌ట్రాక్టర్’ కొనే ఫైలు నా టేబులు మీదికి వచ్చింది. పేరు చూసి ఏదో పెద్ద వైద్య పరికరమనుకున్నారు మా సెక్షనంతా. తీరా చూస్తే పక్కదుప్పట్ల నీరు తీసే తిరుగుడు బుట్ట! దాని వివరాలు నోట్‌లో రాయడానికి స్టోరుకీపరు గారిని పట్టుకుని అరగంట పాఠం చెప్పించుకున్నాను. ఈ వ్యాసానికి బీజం అక్కడే పడింది.

1950, 60 దశకాల్లో బ్రిటన్ ఇళ్లలో ఈ బుట్ట చిన్నదై, విడిగా నిలబడే స్పిన్ డ్రయ్యర్‌గా వంటింట్లోకి వచ్చింది. తరువాత ఉతికే తొట్టీ, తిప్పే తొట్టీ పక్కపక్కన చేర్చి ఒకే పెట్టెలో బిగించారు. 1980ల చివరలోనూ 1990ల్లోనూ మన మధ్యతరగతి ఇళ్లలోకి వాయిదాల మీద ప్రవేశించిన ‘సెమీ ఆటోమేటిక్’ ఇదే. అందులోని చిన్న తొట్టిని మనం డ్రయ్యర్ అన్నాం. మాటల చిక్కు అప్పటినుంచే.

ఇప్పుడు దొరికేవి, మూడు కొటేషన్లు

ఇద్దరు మనుషుల ఇంటికి సరిపడే చిన్న యంత్రాలు ఇప్పుడు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, విడి స్పిన్ డ్రయ్యర్. బకెట్టు కంటే కాస్త పెద్దది. గోడ పక్కన పెట్టుకోవచ్చు, నీటి కనెక్షను అక్కర్లేదు. నీరు కింది గొట్టంలోంచి పోతుంది. నిమిషానికి 1300 చుట్లు తిరిగే చిన్న బుట్టలో, గోడకు ఆనుకున్న బట్ట మీద దాని బరువుకు దాదాపు 200 రెట్లు బలం పడుతుంది. ఎంత బలశాలి అయినా చేత్తో అలా పిండలేడు.

రెండవది, గుడారం మాదిరి డ్రయ్యర్. ఇనుప చట్రానికి బట్టలు తగిలించి పైన గుడ్డ కప్పితే, కిందినుంచి చిన్న హీటరు, ఫ్యాను వేడిగాలి ఊదుతాయి. మడిచి దాచుకోవచ్చు. మన కుంపటి గంపకు ఇది మనుమరాలు.

మూడవది, చిన్న టంబుల్ డ్రయ్యర్. పీపా తిరుగుతూ వేడిగాలి పట్టిస్తుంది. కొన్నింటిలో ఆవిరిని గొట్టం ద్వారా కిటికీ బయటికి పంపాలి. కొన్నింటిలో ఆవిరి చల్లబడి నీరై ఒక డబ్బాలో చేరుతుంది. 1990ల చివర యూరప్‌లో వచ్చిన హీట్ పంపు రకం, పోయే వేడిని మళ్లీ వాడుకుంటుంది గనుక కరెంటు రమారమి సగమే తీసుకుంటుంది. కాని వెల ఎక్కువ, బరువు ఎక్కువ.

ఇక కంపారిటివ్ స్టేట్‌మెంటు వేద్దాం. ఇద్దరి రోజువారీ నూలుబట్టలు పొడిగా 2 కిలోలనుకోండి. చేత్తో పిండితే వాటిలో రమారమి 2 లీటర్ల నీరు మిగులుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారు పిండితే ఇంకా ఎక్కువే. స్పిన్ డ్రయ్యర్‌లో 5 నిమిషాలు తిప్పితే మిగిలేది 1.2 నుంచి 1.4 లీటర్లు. అంటే ముప్పావు లీటరు దాకా పోయింది. 200 వాట్ల మోటారుకు ఆ 5 నిమిషాల ఖర్చు 1 యూనిట్‌లో 60వ వంతు. ఆ నీటినే వేడితో తీయాలంటే అర యూనిట్ కావాలి. ఇరవై ముప్ఫై రెట్లు తేడా!

మిగిలిన చెమ్మ సంగతి చూద్దాం. టంబుల్ డ్రయ్యర్‌లో వేస్తే యూనిట్ నుంచి యూనిట్‌న్నర దాకా అవుతుంది. 1000 వాట్ల గుడారంలో 3 గంటలు పెడితే 3 యూనిట్లు. గదిలో దండెం మీద వేసి 75 వాట్ల సీలింగు ఫ్యాను 8 గంటలు తిప్పితే 0.6 యూనిట్. కొత్తరకం తక్కువ కరెంటు ఫ్యానయితే అందులో సగమూ కాదు. ఎండలో వేస్తే సున్న.

ఫ్యాను మాటను తేలికగా తీసుకోకండి. 1986 ఆగస్టు గోదావరి వరదల్లో మా రికార్డు రూములోకి నీరు వచ్చినప్పుడు, తడిసిన రిజిస్టర్లను ఎండలో పెడితే సిరా వెలిసిపోతుందని, గదిలో తాళ్లు కట్టి కట్టల కట్టలు విప్పి ఫ్యాన్ల కింద వేలాడదీశాం. వేడి లేకుండానే ఆరాయి. బట్టను ఆర్చేది వేడి ఒక్కటే కాదు, తడిగాలిని తోసేసి పొడిగాలిని తెచ్చే కదలిక. మే నెలలో నిజామాబాదులో అరగంటలో ఆరే చీర శ్రావణంలో కాకినాడలో రెండోరోజుకు కూడా ఆరదంటే కారణం, అక్కడి గాలి అప్పటికే నీరు తాగి ఉండడమే.

కనుక నా సిఫార్సు ఇది. ఇద్దరు మనుషుల ఇంటికి మొదట కావలసింది పిండే యంత్రం. ఇంట్లో సెమీ ఆటోమేటిక్ ఉంటే ఆ తొట్టి చాలు, వేరే కొననక్కర్లేదు. పూర్తి ఆటోమేటిక్ ఉంటే దాని స్పిన్ వేగం పెంచుకోండి. ఆ రెండూ లేక, చేత్తో ఉతుక్కునేవారికి విడి స్పిన్ డ్రయ్యర్ మంచి స్నేహితుడు. ఆర్చే యంత్రం మాత్రం అవసరాన్ని బట్టి. మంచాన పడ్డ పెద్దవారున్న ఇంట్లో, రోజుకు నాలుగైదు దుప్పట్లు మారే ఇంట్లో, ఎండ చొరబడని ఫ్లాట్‌లో అది విలాసం కాదు. చెమ్మ దుప్పటి మీద పడుకున్న మనిషికి ఒళ్లు ఒరుసుకుపోతుంది. అక్కడ యూనిట్ల లెక్క చూడకూడదు.

వాడకంలో జాగ్రత్తలు

కొనేముందు దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న: ‘ఇది నీరు తీస్తుందా, ఆరుస్తుందా?’ రెండవది: ‘ఎన్ని కిలోలు, పొడిబట్టా తడిబట్టా?’ మూడవది: ‘మూత తీస్తే బుట్ట వెంటనే ఆగుతుందా?’ ఆగనిదాన్ని కొనకండి. బుట్ట పూర్తిగా నిలిచేదాకా చెయ్యి పెట్టకూడదు. తిరిగే బుట్టలో చీర కొస వేలికి చుట్టుకుంటే వేలు దక్కదు.

బట్టలు బుట్ట చుట్టూ సమంగా సర్దాలి. చీరను ఉండచుట్టి ఒకపక్క కుక్కితే యంత్రం గదంతా గంతులేస్తుంది. అంచుల వెంట చుట్టలా పరవాలి. బరువైన తువాలు ఒక్కటే వెయ్యకుండా ఎదురుగా ఇంకొకటి వేసి తూకం సరిచేయాలి. పైన ఇచ్చే ప్లాస్టిక్ బిళ్ల తప్పక పెట్టాలి. కింద చదునైన నేల ఉండాలి. తడికాళ్లతో ప్లగ్గు ముట్టుకోకూడదు.

హీటరున్న యంత్రం 1500 వాట్లయితే ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని లైట్ల ప్లగ్గులోనూ, సన్నని ఎక్స్‌టెన్షను తీగలోనూ పెట్టకండి. గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు కావాలి, ఎర్తు ఉండాలి. టంబుల్ డ్రయ్యర్‌లో నూగు పట్టే జల్లెడ ప్రతిసారీ శుభ్రం చేయాలి. పేరుకున్న నూగు అంటుకుంటే అగ్నిప్రమాదమే. వంటనూనె, ఒంటికి రాసుకునే నువ్వులనూనె బాగా పట్టిన గుడ్డల్ని వేడి డ్రయ్యర్‌లో వేయకండి. ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడికి అది తనంత తానే రాజుకోగలదు. పట్టు, జరీ, ఉన్ని నీడన ఆరవలసినవే.

ఇంకో సంగతి. గదిలో బట్ట ఆరిందంటే ఆ నీరంతా గది గాలిలోకి పోయిందన్నమాట. కిటికీ తెరవకపోతే గోడలకు బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది. ఫ్యానుకు తోడు ఒక కిటికీ తెరిచి ఉంచండి. దండెం ఛాతీ ఎత్తుకు కట్టించండి. ఇప్పుడు దించి ఎత్తుకునే కప్పీ దండేలు దొరుకుతున్నాయి. చెయ్యి పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి కళ్లు తిరిగే వయసు మనది.

ఎండ మీద హక్కు

చివరగా ఒక కొత్త సమస్య. అపార్ట్‌మెంటు సంఘాలు కొన్ని బాల్కనీలో బట్టలు ఆరవేయకూడదని నిబంధన పెడుతున్నాయి. చూడడానికి బాగుండదట. ఈ తగాదా అమెరికా, కెనడాల్లో ముందే వచ్చింది. అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చిన మన సభ్యులకు ఈ సంగతి అనుభవమే. బయట బంగారం లాంటి ఎండ కాస్తుంటే లోపల డ్రయ్యర్ తిరుగుతూ ఉంటుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2008లో ఇళ్లముందు దండేలు నిషేధించే ఒప్పందాలు చెల్లవని తేల్చింది. అమెరికాలో వెర్మాంటు 2009లో అటువంటి చట్టమే చేసింది. కొయ్య క్లిప్పుకు పేటెంటు తెచ్చిన స్మిత్ గారిదీ వెర్మాంటే అన్నది గమనించదగ్గ విషయం. ఎండ లేక యంత్రం కనిపెట్టినవారు ఎండకోసం చట్టం చేసుకుంటుంటే, ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండ కాసే మనం దాన్ని నిషేధించుకోవడం సబబేనా? మన సభ్యుల్లో అపార్ట్‌మెంటు కమిటీల్లో ఉన్నవారు తక్కువేమీ కాదు. రెయిలింగు మీద వేలాడకుండా, లోపలివైపు తక్కువ ఎత్తులో దండేనికి అనుమతిచ్చేలా తీర్మానం చేయించడం మన చేతిలో పనే.

యంత్రాన్ని చూసి భయపడనక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. రేవులో ఎవరి చేతులో, ఇంట్లో ఎవరి మణికట్టో ఇన్ని తరాలు మోసిన బరువును ఒక చిన్న మోటారు 5 నిమిషాల్లో తీసేస్తుంటే తీసెయ్యనివ్వండి. మిగతాది ఎండకూ గాలికీ వదిలిపెట్టండి. అవి రెండూ లేని రోజున మాత్రం హీటరు. ఒక్క విన్నపం. యంత్రం వచ్చాక దాన్ని నడిపే పని మళ్లీ ఇంటావిడకే అప్పగించి మనం పేపరు పట్టుకు కూర్చుంటే చరిత్రలో మార్పేమీ వచ్చినట్టు కాదు. తిప్పేది స్విచ్చే, ఆరవేసేది ఛాతీ ఎత్తు దండెం మీదే. రిటైరైన గుమాస్తాకు ఈ మాత్రం చార్జి అదనంగా ఇచ్చినా తట్టుకోగలడు.

ఈ విషయంలో సభ్యుల అనుభవాలు, ఏ రకం యంత్రం ఎన్నేళ్లు పనిచేసింది, విడిభాగాలు దొరికాయా లేదా అన్నవి సంఘ కార్యాలయానికి ఒక కాగితం మీద రాసి పంపితే, వచ్చే సంచికల్లో అందరికీ పనికొచ్చేలా క్రోడీకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.